బియ్యం కడుగు తలకి పట్టించే ముందు

అమ్మడూ,

దువ్వెన నిండా జుట్టు చూస్తుంటే కాళ్ళూ చేతులూ ఆడటం లేదని రాశావు. బియ్యం కడిగిన నీళ్ళు పట్టిస్తే ఆగుతుందా అని అడిగావు. ఆ మాట ముందే తేల్చేస్తాను, రాలడం దానివల్ల ఆగదు. అయినా సరే పెట్టుకోమంటాను, కాకపోతే దేనికి పెట్టుకుంటున్నావో తెలిసి పెట్టుకోవాలి.

నీకు ఇప్పుడు కాన్పయి నాలుగో నెల. కడుపుతో ఉన్నప్పుడు రాలాల్సిన జుట్టు కూడా రాలకుండా నిలబడుతుంది. కాన్పయ్యాక హార్మోన్లు మళ్ళీ మామూలుకి వచ్చేసరికి అలా ఆగినదంతా ఒక్కసారిగా ఊడొస్తుంది. సాధారణంగా రెండు నుంచి నాలుగు నెలల మధ్య మొదలై, చాలామందికి బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి దానంతటదే సర్దుకుంటుంది. ఈ మధ్యలో నువ్వు ఏం పట్టించినా పేరు మాత్రం దానికే వస్తుంది. బియ్యం నీళ్ళ మహిమ అని జనం చెప్పుకునే వాటిలో చాలా కథలు ఇలా పుట్టినవేనని నా గట్టి నమ్మకం. నువ్వు మాత్రం ఒకసారి రక్తపరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపేది), థైరాయిడ్ మూడూ చూడమని అడుగు. కాన్పు తర్వాత ఒంట్లో ఐరన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా జుట్టు ఇలాగే ఊడుతుంది. దానికి మందు వేసుకోవాలి, పైపూతలతో తగ్గదు.

ఇప్పుడు ఒక పని చెయ్యి. దువ్వెనలోంచి నాలుగు వెంట్రుకలు తీసి, ఒక్కోదాన్నీ కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి చూడు. ఒక కొసన ఆవగింజలో పదో వంతు కూడా లేని తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి వచ్చింది. బుడిపె లేకుండా పొట్టిగా, రెండు కొసలూ ఒకేలా ఉంటే అది మధ్యలో తెగింది. బియ్యం కడుగు పనికొచ్చేది ఈ రెండో రకానికి.

తల బయట కనిపించే జుట్టుకి ప్రాణం లేదు. దాని మీద చేప పొలుసుల్లా సన్నటి పొరలుంటాయి. షాంపూ, వేడి, రంగు తగిలేకొద్దీ ఆ పొరలు పైకి లేచి ఒకదానికొకటి పట్టుకుంటాయి. చిక్కులు పడేదీ, దువ్వితే తెగేదీ అందుకే. కడుగులో ఉన్న పిండి, ఇంకా కొన్ని పదార్థాలు వాటి మీద పలచగా పరుచుకుని జారుడు తెస్తాయి. జపాన్‌లో వెయ్యేళ్ళ కిందట, హెయాన్ కాలంలో, అక్కడి ఆడవాళ్ళు బియ్యం కడిగిన నీళ్ళతోనే జుట్టు సంరక్షించుకునేవాళ్ళట. ఆ పద్ధతిని పరీక్షించి 2010లో పరిశోధకులు ప్రచురించిన ఫలితం ఏమిటంటే, జుట్టు పైన రాపిడి తగ్గింది, సాగే గుణం పెరిగింది. వాళ్ళు చెప్పింది వెంట్రుక గురించి. మాడు మీద కొత్త జుట్టు మొలిపించడం వేరే సంగతి. చైనాలో గ్వాంగ్‌షీ ప్రాంతంలోని హ్వాంగ్‌లువో ఊరి ఆడవాళ్ళ పొడవాటి జుట్టు ఫొటోలు నువ్వూ చూసే ఉంటావు. వాళ్ళు పులిసిన కడుగు వాడే మాట నిజమే. కానీ అందులో వేరే మూలికలూ వేసి కాస్తారు, పైగా వాళ్ళ ఆనవాయితీలో జుట్టు కత్తిరించేది పద్దెనిమిదో ఏట ఒక్కసారేనట. ఆ పొడవంతా నీళ్ళ పుణ్యమే అనుకోకు.

సరే, చేసే పద్ధతి. అరకప్పు బియ్యం తీసుకుని ఒకసారి గబగబా కడిగి ఆ నీళ్ళు పారబొయ్యి, దుమ్ము పోతుంది. తర్వాత రెండు కప్పుల మంచి నీళ్ళు పోసి అరగంట నాననిచ్చి, చేత్తో బాగా పిసికి, పలచటి బట్టలో వడకట్టు. నీళ్ళు తెల్లగా, పలచటి పాలలా రావాలి. కాసేపు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి ముద్ద పేరుకుంటుంది. పైన తేరినదే వంచుకో, ఆ ముద్ద మాత్రం జుట్టుకి తగలనివ్వకు. ఏ బియ్యమైనా ఒకటే, దీనికోసం ప్రత్యేకంగా కొనాల్సిన పనిలేదు.

ఎప్పటిలా తలస్నానం చేసి, నీళ్ళు పిండేశాక జుట్టుని రెండు పాయలు చేసి ముందుకు వేసుకో. చెవుల దగ్గర్నుంచి కిందికి పోసుకుంటూ, చివర్లని గుప్పిట్లో పట్టి మెల్లగా నొక్కు. రుద్దొద్దు. పది, పదిహేను నిమిషాలు చాలు. తర్వాత మామూలు నీళ్ళతో, వేళ్ళకి జిగురు తగలనంత వరకూ కడుక్కో. అసలు సంగతంతా ఈ కడుక్కోవడంలోనే ఉంది. సరిగ్గా కడగకపోతే ఆరాక జుట్టు గంజి పెట్టిన బట్టలా బిరుసెక్కుతుంది, దువ్వితే తెల్లటి పొడి రాలుతుంది, దాన్ని చుండ్రనుకుని కంగారు పడతారు. చివర్లకి కాస్త కండిషనర్ కూడా రాసుకో, రెండింటికీ పడకపోవడమంటూ ఏమీ లేదు.

వారానికి ఒకసారి మించొద్దు. మూడు నాలుగు వారాలకి జుట్టు మెత్తబడితే రెండు వారాలకి ఒకసారి చాలు. బిరుసుగా, పెళుసుగా అనిపిస్తే నీ జుట్టుకి పడలేదని అర్థం, మానెయ్యి. రాత్రంతా ఉంచుకుంటే ఎక్కువ మేలని ఎవరు చెప్పినా వినకు.

పులియబెట్టినది ఇంకా మంచిదంటారు. పులిస్తే ఆమ్లగుణం వచ్చి, లేచిన పొరలు కాస్త అణుగుతాయన్న మాటలో అర్థం ఉంది. కానీ నువ్వు ముందు తాజాదే వాడు. తర్వాత ఎప్పుడైనా చెయ్యాలనిపిస్తే, గాజు సీసాలో పోసి మూత వదులుగా పెట్టి ఒక పగలూ రాత్రీ బయట ఉంచు. సన్నగా పుల్లటి వాసన రాగానే ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో వాడెయ్యి, ఎప్పుడూ సమానంగా నీళ్ళు కలిపే వాడు. కుళ్ళు వాసన వచ్చినా, పైన బూజు కనిపించినా సీసాతో సహా పారెయ్యి. మిగిలిందని దాచుకునే వస్తువు కాదది.

మాడు మీద పుండ్లూ, దురదా, జిడ్డు చుండ్రూ ఉన్నప్పుడు దీని జోలికి పోవద్దు. పిండి నిలిచిపోతే దురద ఇంకా పెరుగుతుంది. తలలో ఎక్కడైనా నాణెమంత నున్నగా అయినా, పాపిడి రోజురోజుకీ వెడల్పవుతున్నా ఇంటి చిట్కాలతో నెలలు గడపకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళు. పాప తలకి మాత్రం ఇదేదీ పట్టించకు, ఆ మెత్తటి జుట్టుకి మంచినీళ్ళే చాలు. దానికీ ఇప్పుడు జుట్టు రాలి, పడుకునే వైపు పలచబడి ఉంటుంది. చాలామంది పిల్లలకి అది మామూలే, అది కూడా చూసి రెండు టెన్షన్లు పెట్టుకోకు.

తడిజుట్టు దువ్వేటప్పుడు పెద్దపళ్ళ దువ్వెనతో కింద నుంచి పైకి చిక్కు తీసుకుంటూ రా. రిపోర్టులు రాగానే ఫొటో తీసి పంపు.

మీ పెద్దమ్మ