గేదె పొట్ట ఉబ్బితే ప్రతిసారీ తినే సోడానేనా?

ప్రశ్న: మా గేదెకు పొట్ట ఉబ్బినప్పుడల్లా తినే సోడా నీళ్లలో కలిపి తాగించేవాళ్లం, తగ్గేది. పోయిన వారం పొద్దున్నే లేత లూసర్న్ పచ్చిమేత కడుపునిండా మేసి ఉబ్బింది. సోడా పట్టాక ఇంకా బిగిసింది. డాక్టర్ గారు వచ్చి నూనె మందు తాగించాక తేలికపడింది. ఎందుకిలా?
– పాడి రైతు, నల్గొండ జిల్లా

జవాబు: గేదె పెద్ద పొట్టలో మేత పులుస్తూ గంటకు లీటర్ల కొద్దీ గ్యాస్ పుడుతుంది. మామూలుగా త్రేన్పులతో పోతుంది. లేత లూసర్న్‌లోని మాంసకృత్తులు ఆ గ్యాస్‌ను సబ్బు నురగలా సన్నని బుడగల్లో పట్టేస్తాయి. నురగ త్రేన్పుగా రాదు. ఎడమ డొక్క డప్పులా బిగుస్తుంది, ఊపిరి ఆడదు. నూనె గానీ సిమెథికోన్ మందు గానీ ఆ బుడగలను పగలగొడతాయి. గ్యాస్ ఒకచోట చేరి త్రేన్పుగా వచ్చేస్తుంది.

సోడా పులుపును విరిచే మందు. పెళ్లిలో మిగిలిన అన్నమో, దాణానో ఎక్కువ తింటే పొట్టలో లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. పులుపు పెరిగేకొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది. 6, 7 మధ్య ఉండాల్సిన ఆ పీహెచ్ 5 కంటే కిందికి పడిపోవచ్చు. మేతను అరిగించే సూక్ష్మజీవులు చస్తాయి, నెమరు ఆగిపోతుంది. ఇంతకుముందు మీ గేదెకు వచ్చింది ఇలాంటి అజీర్తే అయి ఉంటుంది, అందుకే సోడాతో తగ్గింది. అయితే ఆమ్లాన్ని విరిచేటప్పుడు సోడా కూడా గ్యాస్ పుట్టిస్తుంది. నిమ్మరసంలో సోడా వేస్తే బుసబుస పొంగడం మీరు చూసే ఉంటారు. నురగ నిండిన పొట్టలో ఆ గ్యాస్ కూడా చేరితే ఉబ్బరం పెరగదా? మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌తో ఈ ఇబ్బంది లేదు. అది గ్యాస్ పుట్టించకుండానే ఆమ్లాన్ని విరుస్తుంది. అన్నం బాగా ఎక్కువ తిన్న పశువుకు మాత్రం ఏ మందైనా డాక్టర్ చూసే ఇవ్వాలి, ఒక్కోసారి సెలైన్ కూడా ఎక్కించాలి.

పచ్చిమేత మేసి ఉబ్బితే ముందు పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేలోగా పెద్ద గేదెకు పావు నుంచి అర లీటరు వేరుశనగ నూనె కొద్దికొద్దిగా పట్టవచ్చు. తల మరీ పైకెత్తకండి, నాలుక లాగి పట్టుకోకండి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, దానితో చనిపోయిన పశువులను చూశాను. నాలుక బయటపెట్టి రొప్పుతుంటే, పడిపోతుంటే నోట్లో ఏమీ పోయవద్దు. అప్పుడు డాక్టర్ డొక్కలో సూది గుచ్చి గ్యాస్ తీయాల్సి రావచ్చు.

ఇకమీదట పొద్దున్నే ఖాళీ కడుపున లూసర్న్ వేయకండి. ముందు ఎండు వరిగడ్డి మేయనిచ్చి, ఆ తర్వాత కోసి వాడ్చిన లూసర్న్ కొద్దిగా పెట్టండి.