మా అత్తగారూ, రోహిణీ ఒక ఈడువాళ్లేనా?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మొన్న రాత్రి మేడ మీద మా అత్తగారికి ఓ ఎర్రటి చుక్క చూపించి, ‘నానమ్మా, నీ జన్మనక్షత్రం రోహిణి అదే, 65 కాంతి సంవత్సరాలు’ అన్నాడు. ‘నాకూ సంక్రాంతికి 65 నిండాయి, ఇద్దరం ఒక ఈడువాళ్లమన్నమాట’ అని ఆవిడ మురిసిపోయారు. కాదు, అది దూరం అంటాడు వాడు. పేరులో సంవత్సరం పెట్టుకుని దూరం ఏమిటండీ?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: మీవాడు చెప్పిందే రైటమ్మా, అది దూరమే. అయినా మీ అత్తగారిని తప్పుపట్టను. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. కాంతి సంవత్సరం కాలానికి కొలత అని రాసినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ తగిలారు. పేరు అలాంటిది మరి.

కాలంతో దూరం చెప్పడం మనకేం కొత్త కాదు. చిన్నప్పుడు మా తాతను పక్క ఊరు ఎంత దూరం అని అడిగితే ‘గంట నడక’ అనేవాడు. మైళ్ల లెక్క ఆయన నోట ఎప్పుడూ వినలేదు. మనిషి నడక ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి ఆ లెక్క చెల్లింది. అదే హైదరాబాద్‌లో ‘గంట దూరం’ అంటే పొద్దున ఒకటి, సాయంత్రం ట్రాఫిక్‌లో ఇంకొకటి! కాంతికి ఆ గొడవ లేదు. శూన్యంలో ఎప్పుడు చూసినా సెకనుకు 2,99,792 కిలోమీటర్లు. అంటే ఒక్క సెకనులో భూమిని ఏడున్నర సార్లు చుట్టేసేంత వేగం. అది ఏడాది పొడుగునా ఆగకుండా పరిగెత్తితే ఎంత దూరం పోతుందో అదే కాంతి సంవత్సరం.

లెక్క మీవాడితోనే చేయించండి. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు అనుకుని, 60తో, మళ్లీ 60తో, 24తో, 365తో గుణించమనండి. సుమారు 9 లక్షల 46 వేల కోట్ల కిలోమీటర్లు రావాలి. చిన్న కాలిక్యులేటర్‌లో అంకెలు పట్టవు, కాగితం మీద చేయడమే మేలు. రోహిణి దూరం కావాలంటే దాన్ని ఇంకో 65తో గుణించాలి. అన్ని సున్నాలు ఎవరు రాస్తారు? అందుకే ఈ కొలత.

చంద్రుడి వెలుగు మనల్ని చేరడానికి సెకనుంపావు పైచిలుకు, సూర్యుడిది 8 నిమిషాల 20 సెకన్లు. సూర్యుణ్ని వదిలేస్తే మనకు అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి, దాని వెలుగుకే నాలుగేళ్లు దాటుతుంది. మన యంత్రాల సంగతి చెప్పాలంటే, 1977లో బయలుదేరిన వాయేజర్-1 అనే అంతరిక్ష నౌక సెకనుకు 17 కిలోమీటర్లు పోతోంది. ఆ వేగంతో ఒక్క కాంతి సంవత్సరం దాటాలన్నా దాదాపు 17,600 ఏళ్లు కావాలి.

ఇక మీ అత్తగారి ముచ్చట. రోహిణి వయసు 65 కాదు, వందల కోట్ల ఏళ్లు. కానీ ఆవిడ మురిసిపోవడంలో అన్యాయమేమీ లేదు. ఇప్పుడు ఆవిడ కంట్లో పడుతున్న వెలుగు, ఆవిడ పురిటిబిడ్డగా ఉన్న రోజుల్లో అక్కడ బయలుదేరింది. ఏడాది అటో ఇటో. ఇప్పుడు రోహిణి ఎలా ఉందో ఆవిడ చూడటం లేదు, అప్పుడు ఎలా ఉందో చూస్తున్నారు.

అయితే మీవాడు చూపించింది రోహిణేనా? అది ముందు తేల్చుకోండి. జనవరి రాత్రి ఎనిమిదింటికి తూర్పు వైపు ఒకే వరుసలో మూడు చుక్కలు కనిపిస్తాయి, ఓరియన్ అనే వేటగాడి ఆకారపు చుక్కల గుంపుకు నడుము పట్టీ అంటారే, అవి. ఆ వరుసనే పైకి పొడిగించుకుంటూ పోతే ముందు నారింజ రంగు చుక్క తగులుతుంది. అదే రోహిణి. ఇంకాస్త పైకి పోతే గుంపుగా కృత్తికలు, మన పిల్లలకోడి. ఆ దారిలో మినుకుమనకుండా నిలకడగా వెలిగేది ఏదైనా ఉంటే అది గ్రహం. దాన్ని చూపించి ఆవిడకు రోహిణి అని చెప్పకండి.