త్సో మొరీరీ ఒడ్డున టెంట్ వేసుకోవచ్చా? పక్షులను దగ్గర్నుంచి ఫొటో తీయొచ్చా?

మీరు అడిగినవి మూడు విషయాలు. జూన్ చివర్లో అమ్మానాన్నలతో లద్దాఖ్ వెళ్తున్నారు కాబట్టి, పాంగాంగ్ సరస్సు చూశాక మళ్లీ త్సో మొరీరీ సరస్సు దాకా వెళ్లడం దండగా అన్నది ఒకటి. నీళ్ల పక్కనే టెంట్ వేసుకోవచ్చా అన్నది రెండు. నల్లమెడ కొంగలను, అదే బ్లాక్ నెక్డ్ క్రేన్‌లను, దగ్గరికెళ్లి ఫొటో తీయొచ్చా, డ్రోన్ ఎగరేయొచ్చా అన్నది మూడు. దండగ కాదు, తప్పకుండా వెళ్లండి. టెంట్ మాత్రం వద్దు. ఫొటో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నేను సరిగ్గా ఆ సీజన్‌లోనే త్సో మొరీరీ ఒడ్డునున్న కోర్జోక్ ఊళ్లో ఉండి వచ్చాను, అందుకని కాస్త ఎక్కువే రాస్తున్నాను.

నీళ్ల రంగు కోసమే అయితే పాంగాంగ్ చాలు. పక్షులూ జంతువులూ కావాలంటే మాత్రం త్సో మొరీరీకి రావాల్సిందే. సముద్ర మట్టానికి 4,500 మీటర్ల పైన ఉన్న సరస్సు ఇది. లేహ్ నుంచి ఉప్షి, చుమథాంగ్, మాహే వంతెన, సుమ్‌దో మీదుగా రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. నీళ్లు కాస్త ఉప్పన. సరస్సులోకి వాగులు వస్తాయే గానీ బయటికి పోయే దారి లేదు. చలికాలమంతా గడ్డకట్టి ఉంటుంది. మంచు విడిచాక పక్షులు దిగుతాయి. తలమీద రెండు నల్ల చారలుండే బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతు గుర్తుందా, చలికాలంలో దక్షిణ భారతంలోని చెరువుల దాకా వస్తుందే, అది పిల్లలను కనేది ఇలాంటి చోటనే. పురుటికి పుట్టింటికి వచ్చినట్టు వస్తాయన్నమాట. మీరు వెళ్లేసరికి కొన్ని పొదుగుతూ ఉంటాయి, కొన్ని పిల్లలను వెంటేసుకుని తిరుగుతుంటాయి.

టెంట్ ఎందుకు వద్దంటున్నానంటే, చుట్టూ ఉన్నది చల్లటి ఎడారి. పచ్చదనం ఎక్కువగా కనిపించేది ఊటలూ వాగులూ సరస్సులో కలిసే చిత్తడి నేలల్లోనే. కొంగకు గూడు కావాలన్నా, ఇక్కడి సంచార పశుపోషకులైన చాంగ్‌పాల మేకలకు మేత కావాలన్నా, టూరిస్టుకు ‘లేక్ వ్యూ’ టెంట్ కావాలన్నా అందరి కన్నూ అక్కడే. ఆ గడ్డి ఎదగడానికి దొరికేది ఏడాదికి కొద్ది నెలలే. జీపు ఒక్కసారి దాని మీదికెక్కితే ఆ చాళ్లు అంత తొందరగా పూడవు. ఈ సరస్సు 2002 నుంచి అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో ఉంది, చాంగ్‌థాంగ్ అభయారణ్యం పరిధిలోకి వస్తుంది. రామ్‌సర్ జాబితాలోకి రాకముందే, 2000లో కోర్జోక్ ఊరివాళ్లు తమ సరస్సును ‘సజీవ భూగోళానికి పవిత్ర కానుక’గా ప్రకటించారు. ఊళ్లో హోమ్‌స్టేలు ఉన్నాయి, వాటిలో దిగండి. రాత్రి గాలి మొదలయ్యాక టెంట్ లేనందుకు మీ అమ్మగారే సంతోషిస్తారు.

ఇక నల్లమెడ కొంగ. మన దేశంలో ఇది గూడు పెట్టేది తూర్పు లద్దాఖ్‌లోనే, కేంద్రపాలిత ప్రాంతమైన లద్దాఖ్ అధికారిక పక్షి కూడా ఇదే. మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది, జంట వంతులేసుకుని పొదుగుతుంది. చిత్తడి మధ్యలో, చుట్టూ నీళ్లున్న చిన్న దిబ్బ మీద గూడు. నేను చూసిన జంట రోడ్డు మీంచి బూడిదరంగు చుక్కల్లా కనిపించింది. బైనాక్యులర్స్ పెట్టుకుని ఒక రాయికి ఆనుకుని కూర్చున్నాను. ఒకటి గూట్లోంచి లేచి, ముక్కుతో గుడ్లను మెల్లగా తిప్పి, మళ్లీ సర్దుకుని కూర్చుంది. రెండోది కాస్త దూరంలో బురదలో ముక్కు గుచ్చి వెతుక్కుంటోంది. ఇంతలో ఒక బండి ఆగింది. నలుగురు దిగి ఫోన్లు పట్టుకుని గడ్డిలోకి నడిచారు. మేతమేస్తున్న కొంగ మెడ నిటారుగా లేచింది, అంతే, మేత ఆగిపోయింది. ఇంకో పాతిక అడుగులు పడేసరికి గూట్లోది కూడా లేచి పక్కకు నడిచింది. ఆ ఎత్తులో, ఆ గాలిలో గుడ్లు అలా వదిలేస్తే చల్లబడిపోతాయి, లేదా కాకులు ఎత్తుకుపోతాయి. వాళ్లకు దొరికిన ఫొటో ఏమిటంటే, వెళ్లిపోతున్న పక్షి వీపు.

కాబట్టి కొలత అడుగుల్లో పెట్టుకోవద్దు. పక్షి మేత మానేసి మెడ ఎత్తిందంటే మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశారని అర్థం, వచ్చిన దారినే వెనక్కి రండి. జూమ్ లెన్స్ లేకపోతే ఫొటో ఆశ వదిలేసి మంచి బైనాక్యులర్స్ అద్దెకో అప్పుకో తెచ్చుకోండి, దాంట్లో మీకు కనిపించేది ఏ ఫోన్ ఫొటోలోనూ రాదు. డ్రోన్ గురించి చర్చే అనవసరం. అభయారణ్యం, పైగా సరిహద్దు ప్రాంతం. అనుమతి లేకుండా తీస్తే ఇబ్బందుల్లో పడతారు.

ఎవరూ పెద్దగా చెప్పని ఇంకో సంగతి, కుక్కలు. టూరిస్టులు ఆగే చోట్లా, క్యాంపుల దగ్గరా మిగిలిన తిండి తిని అవి బాగా పెరిగిపోయాయి. చాంగ్‌థాంగ్‌లో కొంగ గుడ్లకూ పిల్లలకూ ఇప్పుడు ఇదే పెద్ద బెడద. పార్కింగ్ దగ్గర ఎవరో బిస్కెట్ ప్యాకెట్ మొత్తం పెట్టగా తిని, మూతి నాక్కుంటూ తిన్నగా చిత్తడి వైపు వెళ్లిన కుక్కను నేనే చూశాను. జాలి ఉంటే ఉండొచ్చు, తిండి మాత్రం పెట్టకండి. చెత్త లేహ్ దాకా వెనక్కి తెచ్చేసుకోండి.

కియాంగ్‌లు, అంటే అడవి గాడిదలు, దారిలోనే కనిపిస్తాయి. పరిగెత్తే మంద పక్కన బండిని పోనిచ్చి వీడియో తీయడం కొందరికి సరదా. డ్రైవర్‌కు ముందే వద్దని చెప్పండి.

అమ్మానాన్నల విషయానికొస్తే నాకు అసలు టెన్షన్ అదే. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే అరవై శాతం కూడా ఉండదు. లేహ్ కూడా 3,500 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి, దిగిన రోజూ మర్నాడూ పూర్తిగా విశ్రాంతి ఇవ్వండి. నాన్నగారికి బీపీ ఉందన్నారు, ఎత్తు ప్రదేశాల్లో వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ సహా ఏ మందైనా బయల్దేరే ముందే డాక్టర్‌ను అడిగి తీసుకోండి. తలనొప్పి తగ్గకపోయినా, వాంతులైనా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా ‘రేపు చూద్దాం’ అనుకోవద్దు, ఆ రాత్రే కిందికి దించేయండి. వీలైతే మధ్యలో చుమథాంగ్‌లో ఒక రాత్రి ఆగండి, వేడినీటి ఊటలున్నాయి, కోర్జోక్ కన్నా ఎత్తు తక్కువ.

మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ పెట్టుకున్నా సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. పెట్రోలు లేహ్‌లోనే నింపించండి. పర్మిట్ నిబంధనలు మారుతుంటాయి, లేహ్ అధికారుల వెబ్‌సైట్‌లో బయల్దేరే వారమే చూసుకోండి. బండి మాట్లాడుకునేటప్పుడే ‘రోడ్డు దిగి గడ్డి మీదికి పోనివ్వొద్దు’ అని డ్రైవర్‌కు చెప్పేయండి. అక్కడికెళ్లాక చెబితే, ‘అందరూ వెళ్తున్నారు కదండీ’ అంటాడు.