కీచురాయి మోకాలి కింద వింటుంది

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. బీఎస్సీ కాగానే, జంతువుల మెదడు శబ్దాన్ని ఎలా అర్థం చేసుకుంటుందో పరిశోధిస్తానన్నావు. ముందు ఏ పుస్తకం చదవాలని అడిగావు. పుస్తకాల జాబితా తర్వాత పంపుతాను. ముందు కడపలో మీ మేడ మీద రాత్రిపూట కూర్చుని ఒక నెల రోజులు విను.

నవ్వకు. ఈ రంగంలో నాకు తెలిసిన మంచి ప్రశ్నలన్నీ ఆ జీవి బతుకుతెరువులోంచి పుట్టినవే. గుడ్లగూబ మిద్దె మీద వాలితే మీ అమ్మమ్మ అపశకునమని చీపురు పట్టుకుని తరిమేది. కటిక చీకట్లో అది ఎలుకను ఎలా పట్టుకుంటుందన్నదే కొనిషి అనే జపాన్ శాస్త్రవేత్తకు జీవితకాలపు పని అయింది. 1978లో ఆయన, నడ్సెన్ అనే మరో శాస్త్రవేత్త కలిసి తెల్లముఖం గుడ్లగూబ తల చుట్టూ స్పీకరు తిప్పుతూ, మెదడులోని ఒక్కో న్యూరాన్, అంటే నాడీకణం, ఏ దిక్కు నుంచి వచ్చే శబ్దానికి స్పందిస్తుందో నమోదు చేశారు. మెదడులో దిక్కుల పటమే బయటపడింది! ఆ పక్షి ఎడమ చెవి కుడి చెవి కంటే కాస్త పైన ఉండి కిందికి తిరిగి ఉంటుంది. ఎలుక పైనుందో కిందుందో రెండు చెవుల్లో పడే శబ్దం హెచ్చుతగ్గులు చెబుతాయి. కుడివైపో ఎడమవైపో, శబ్దం ఏ చెవికి ముందు చేరిందన్నది చెబుతుంది. ఆ తేడాను కొలవాలంటే సెకనును పది లక్షల ముక్కలు చేయాలి.

నా తెలివితక్కువతనం కూడా విను. నీ వయసులో గుత్తి దగ్గర ఒక పాడుబడ్డ దిగుడుబావిలో గబ్బిలాలను క్యాసెట్ రికార్డరుతో వారం రోజులు రికార్డు చేశాను. టేపులో రెక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. 'ఇవి మూగవి' అని నోట్సులో రాసుకున్నాను! పురుగులు తినే గబ్బిలాల కేకలు చాలావరకు మన చెవి పరిమితి అయిన 20,000 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 20,000 కంపనాలకు, పైనే ఉంటాయి. నా రికార్డరు అంతకన్నా చాలా కిందే ఆగిపోయేది. నీ ఫోను కూడా గబ్బిలాల దగ్గర అక్కరకు రాదు. కీచురాళ్లకు చాలు, కానీ ఎంపీ3లో కాకుండా, శబ్దాన్ని కుదించని వేవ్ ఫైలుగా దాచుకో. తేదీ, సమయం, ఉష్ణోగ్రత రాసి పెట్టు. చలి పెరిగితే కీచురాయి పాట నెమ్మదిస్తుంది. దాని చెవి ముందుకాలి మీద, మోకాలి కింద ఉంటుంది. నాడీ సంకేతాలు పట్టే సన్నని తీగ, ఎలక్ట్రోడు, ఎక్కడ పెట్టాలో ఆలోచించే ముందు ఇలాంటివి తెలియాలి.

గణితం వదలకు, ముఖ్యంగా శబ్దాన్ని అందులోని హెచ్చు, తగ్గు స్వరాలుగా విడదీసే ఫోరియర్ విశ్లేషణ. ప్రోగ్రామింగు నేర్చుకో. పరిశోధనకు ఫెలోషిప్పు ఇచ్చే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్ రాయి. ఫెలోషిప్పు వస్తే మొదట్లో నెలకు 37,000 రూపాయలని మీ నాన్నకు చెప్పు, ఆయన కంగారు కొంత తగ్గుతుంది. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. ఇది మాత్రం ఆయనకు నెమ్మదిగా చెప్పు.

ఎవరూ ముందుగా చెప్పని మాట ఒకటుంది. మెదడులో సంకేతాలు వినాలంటే చాలాసార్లు బతికున్న ప్రాణికి శస్త్రచికిత్స చేయాలి. నైతిక కమిటీ అనుమతి, మత్తుమందు, అన్నీ ఉంటాయి. అయినా నా చేతిలో మొదటి పక్షి మత్తులోనే పోయింది. ఆ రోజు అన్నం ముట్టలేదు, వారం దాకా ప్రయోగశాల మెట్లెక్కలేదు. నీ వల్ల కాదనిపిస్తే సిగ్గుపడనక్కరలేదు. ప్రవర్తన మాత్రమే చూసి గొప్ప పని చేసినవాళ్లున్నారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో రోహిణి బాలకృష్ణన్ బృందం కీచురాళ్ల మీద చేసిన పని చదువు. ఒక జాతిలో కొన్ని మగవి ఆకుకు రంధ్రం కొరికి, అందులో నిలబడి పాడి గొంతు పెంచుకుంటాయి. కొన్నాళ్లు నేను దాన్ని నమ్మలేదు.

మీ జిల్లాలోనే కలివికోడి అనే చాలా అరుదైన పక్షి ఉంది. అంతరించిందనుకున్నది 1986లో మళ్లీ దొరికింది. కూతను వినిపించి జవాబు కోసం కాచుకోవడం దాన్ని వెతికే పద్ధతుల్లో ఒకటి. నువ్వు సరదాకు కూడా ఆ పని చేయకు. వేరే పక్షి వచ్చిందనుకుని అది బెదిరిపోవచ్చు.

వచ్చే అమావాస్యకు ఇక్కడికి రా. అదే బావి దగ్గరకు వెళ్దాం, ఈసారి నా దగ్గర గబ్బిలాల కేకలు పట్టే మైకు ఉంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టి తెచ్చుకో. మీ అమ్మను నేను ఒప్పిస్తాను.

నీ పెద్దమ్మ