రైతు భరోసా పైసలు పడ్డట్టే పడి పోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా, దేవరకొండ దగ్గర పల్లె. మా ఆయన పేరు మీద మూడెకరాల పట్టా ఉంది. ఇంకో రెండెకరాలు కౌలుకు చేస్తాం. అంతా పత్తే. రైతు భరోసా, పీఎం కిసాన్ వస్తాయి. అత్తమ్మకు పింఛన్ వస్తుంది. ఎరువుల దుకాణంలో లక్షా ఇరవై వేలు బాకీ ఉంది, మూడు రూపాయల మిత్తి. పత్తి కూడా ఆ సేటుకే వేస్తాం. బ్యాంకు పంట రుణం 2024లో మాఫీ అయింది, మళ్ళీ తీసుకోలేదు. నా దగ్గర రెండు తులాల గొలుసు ఉంది. బాబుకు పన్నెండేళ్ళు, పాపకు ఎనిమిది. ప్రభుత్వం పైసలు ఎప్పుడు వచ్చాయో, ఎటు పోయాయో తెలియడం లేదు. ఈసారి వచ్చిన వాటితో బర్రె కొందామని నేను, బండి కొందామని ఆయన, పాప పేరు మీద సుకన్య కట్టమని మా తమ్ముడు. ఏది మంచిదో చెప్పండి.

జవాబు: ఎటు పోతున్నాయో మీ ఉత్తరంలోనే ఉందమ్మా. రైతు భరోసా ఎకరాకు సీజనుకు 6,000. మూడెకరాలకు రెండు సీజన్లు కలిపి ఏడాదికి 36,000. పీఎం కిసాన్ మూడు విడతల్లో 6,000. మొత్తం 42,000. ఇప్పుడు సేటు బాకీ చూడండి. లక్షా ఇరవై వేలకు మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 3,600, ఏడాదికి 43,200. అంటే రెండు ప్రభుత్వాలు కలిసి మీకు ఇచ్చే సాయమంతా పోసినా సేటు మిత్తికి ఇంకా 1,200 తక్కువ పడుతుంది. అసలు అలాగే ఉంటుంది. ఆ పైసలు మీ ఆయన ఖాతాలో పడుతున్నాయి కానీ, చేరుతున్నది మాత్రం దుకాణానికి.

అందుకే బర్రె, బండి రెండూ ఇప్పుడు వద్దు. బర్రె చెడ్డ ఆలోచన కాదు, ముందు ముందు తప్పకుండా కొనండి. కానీ మూడు రూపాయల మిత్తి బాకీ తీరితే నూటికి ఏటా 36 రూపాయలు మిగులుతాయి. దానికి గడ్డి వేయక్కర్లేదు, అది ఎండాకాలం పాలు తగ్గించదు, దానికి జబ్బు రాదు. నాకు తెలిసిన ఏ పెట్టుబడీ అంత ఖాయంగా అంత ఇవ్వదు. బండి సంగతి మీ ఆయనకు మీరే చెప్పాలి. ఫైనాన్సు మీద తీసుకుంటే నెలనెలా కిస్తీ కట్టాలి. మీ ఇంటికి నెలనెలా వచ్చేది అత్తమ్మ పింఛన్ ఒక్కటే.

ముందు చేయాల్సింది ఆ మిత్తిని మార్చడం. మీ గొలుసు బ్యాంకులో కుదువ పెట్టండి. ప్రైవేటు బంగారం లోన్ల దుకాణంలో కాదు, బ్యాంకులోనే. ఇప్పటి బంగారం ధరకు రెండు తులాల మీద మీకు కావలసిన మొత్తం రావచ్చు. మిత్తి బ్యాంకును బట్టి మారుతుంది. లెక్క కోసం ఏడాదికి పది శాతం అనుకుందాం. లక్షా ఇరవై వేలకు 12,000 అవుతుంది. సేటు దగ్గర 43,200. అంటే ఒక్క సంతకంతో ఏడాదికి 31,200 మీ ఇంట్లో మిగులుతాయి. మీ ఇంటికి ఇది ఇంకో రైతు భరోసా లాంటిదే.

ఆ తర్వాత ఏటా వచ్చే 42,000 మొత్తం ఈ లోనుకే కట్టండి. మొదటి ఏడాది మిత్తి 12,000 పోను అసలులో 30,000 తగ్గుతుంది. రెండో ఏడాది చివరికి 57,000 బాకీ మిగులుతుంది, మూడో ఏడాదికి 20,700. నాలుగో ఏడు సగం గడిచేసరికి గొలుసు మీ మెడలో ఉంటుంది. సేటు దగ్గరే ఉంటే నాలుగేళ్ళ తర్వాత కూడా లక్షా ఇరవై వేలకు తగ్గదు. బంగారం పోతుందేమోనన్న టెన్షన్ మీకు ఉంటుందని తెలుసు. ఏడాది తిరిగేలోపు మిత్తి కట్టి లోను తిరగరాయించుకుంటే వేలం దాకా పోదు. ఆ తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

గొలుసు పెట్టడం అసలు ఇష్టం లేకపోతే మీ మహిళా సంఘంలో అడగండి. సంఘం ద్వారా వచ్చే బ్యాంకు లింకేజీ అప్పు రూపాయి మిత్తికి అటూ ఇటుగా పడుతుంది. అది కూడా సేటు మిత్తిలో మూడో వంతే. కాకపోతే నెలనెలా కట్టాలి. కూలి పని లేని నెలల్లో ఎలా కడతారో ముందే ఆలోచించుకోండి.

మరి జూన్‌లో విత్తనాలకు, ఎరువులకు ఏం చేయాలి అంటారు. ఇక్కడే మీ ఆయన ఒక పని చేయకుండా వదిలేశారు. మాఫీ అయ్యాక కొత్త పంట రుణం తీసుకోలేదు. మూడు లక్షల లోపు పంట రుణానికి మిత్తి ఏడాదికి ఏడు శాతం. గడువులోగా కడితే కేంద్రం మూడు శాతం తగ్గిస్తుంది, పడేది నాలుగే. నాలుగు శాతం అంటే మన లెక్కలో నూటికి నెలకు 33 పైసలు. సేటు మూడు రూపాయల పక్కన ఈ 33 పైసలు పెట్టి చూడండి. 2025 జనవరి నుంచి రెండు లక్షల దాకా తాకట్టు లేకుండానే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ పట్టుకుని వానలు పడకముందే బ్యాంకుకు వెళ్ళమనండి.

ఈ రుణం తెచ్చి సేటు బాకీ తీర్చేస్తే గొలుసు బాధే ఉండదు కదా అనిపిస్తుంది. అలా చేయకండి. చేతిలో పెట్టుబడి లేక వారం తిరక్కుండా విత్తనాలకు మళ్ళీ ఆ దుకాణం ముందే నిలబడతారు. ఇంకోటి. మళ్ళీ మాఫీ వస్తుందిలే, కట్టడం ఎందుకు అని ఊళ్ళో చాలామంది అంటారు. వస్తే రానీయండి. రాకపోతే గడువు దాటినందుకు మూడు శాతం తగ్గింపు పోతుంది, వచ్చే ఏడాది కొత్త రుణం కూడా పుట్టదు. రాజకీయాల మీద పందెం కాయడానికి పెట్టుబడి పైసలు వాడొద్దు.

సేటు బాకీ తీరితే మిత్తి కంటే పెద్ద మార్పు ఇంకోటి వస్తుంది. పత్తి ఎవరికి వేయాలో మీరే చెప్పగలుగుతారు. ఇప్పుడు బాకీ ఉంది కాబట్టి ఆయన చెప్పిందే ధర, ఆయన కాంటాయే కాంటా. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు రూ.8,110. ఆ ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐకి వేయాలంటే తేమ 12 శాతం దాటకూడదు, ఎనిమిది దాటితే ధరలో కోత ఉంటుంది. అందుకే పత్తిని ఎండబెట్టి పట్టుకెళ్ళాలి. 2025 నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని స్లాటు తీసుకోవాలి. అది కొంత తలనొప్పే. పైసలు కూడా చేతికి కాదు, ఖాతాలోకి వస్తాయి. కానీ మూడెకరాల్లో ఎకరాకు ఏడు క్వింటాళ్ళ చొప్పున లెక్క వేసుకుని, క్వింటాకు ఐదు వందలే తేడా వచ్చిందనుకున్నా, 10,500 మీవే.

నగదు సాయం పల్లెల్లో ఏం మార్చింది అని ఎవరైనా అడిగితే నేను ముందు చూపేది ఇలాంటిదే. పాలమూరు వైపు వానలు పడకముందు కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఆ అడ్వాన్సు తీరేదాకా దూరాన పని చేసిన కుటుంబాలు ఎన్నో. సరిగ్గా ఆ వేళకు ఇంట్లో పది, పదిహేను వేలు ఉంటే ఆ అడ్వాన్సు వద్దనే ధైర్యం వస్తుంది. మధ్యప్రదేశ్‌లో 'సేవ' సంస్థ కొన్ని ఊళ్ళలో మనిషికింత అని నెలనెలా నగదు ఇచ్చి చూసింది. అక్కడ జనం తాగి పాడు చేయలేదు. తిండి మెరుగుపడింది, మేకలూ గొర్రెలూ కొన్నారు, కూలికి పోవడం తగ్గించి సొంత చేను ఎక్కువ చూసుకున్నారు. మన సాయం తీరు వేరు. మనిషిని బట్టి కాదు, ఎకరాన్ని బట్టి ఇస్తారు. పదెకరాలున్న ఆయనకు మీకు పడేదానికి మూడింతలకు పైగా పడుతుంది, కౌలుకు చేసేవాళ్ళకు ఏమీ పడదు. ఇది నాకు నచ్చదు, కానీ ఉన్నది ఇదే.

కౌలు రెండెకరాల సంగతి అడగకపోయినా చెబుతాను. ఆ భూమి మీద ఏడాదికి 24,000 పట్టాదారుకు పడుతున్నాయి. పెట్టుబడి మీది, సాయం ఆయనది. వచ్చే ఉగాదికి కౌలు మాట్లాడేటప్పుడు ఆ మాట ఎత్తండి. ఎకరాకు వెయ్యో రెండు వేలో తగ్గించమని అడగడంలో తప్పు లేదు.

ఒక జాగ్రత్త. ఈ పైసలు ఫలానా తేదీకి వస్తాయని ఎవరికీ మాట ఇవ్వకండి. ఈ సాయం 2018లో రైతుబంధు పేరుతో చెక్కులుగా మొదలైనప్పుడు ఎకరాకు 4,000, తర్వాత 5,000, 2025 జనవరి 26 నుంచి 6,000. మొత్తం పెరుగుతూ వచ్చింది కానీ వేళ మాత్రం నిలకడగా లేదు. 2024 వానాకాలానికి అసలు పడలేదు. 2025 వానాకాలానికి జూన్‌లోనే తొమ్మిది రోజుల్లో వేశారు. అందుకని రాని సీజన్లో గొలుసు లోను మిత్తి వరకైనా కట్టేలా పత్తి పైసల్లోంచి ఒక పది, పన్నెండు వేలు పక్కన పెట్టండి. ఎప్పుడు వచ్చాయో తెలియడం లేదన్నారు. ఆ ఖాతాకు ఇంట్లో మీ దగ్గర ఉండే ఫోను నంబరు కలిపించండి, మెసేజ్ మీకే వస్తుంది. పీఎం కిసాన్ ఆధార్‌కు చివరిగా అనుసంధానం చేసిన ఖాతాలో పడుతుంది. మీ ఆయనకు రెండు మూడు ఖాతాలుంటే ఏ బ్యాంకులో పడుతోందో కనుక్కోండి. కొందరికి ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో పైసలు పేరుకుని ఉంటాయి.

అత్తమ్మ పింఛన్ 2,016ను నేను కావాలనే లెక్కలో కలపలేదు. మీరూ కలపకండి. ఆమె మందులు, ఆమె చాయ్, పిల్లలకు ఆమె కొనిపెట్టే బిస్కెట్లు అందులోంచే రానీయండి. తన చేతిలో పైసలున్న పెద్దావిడకు ఇంట్లో మాట ఉంటుంది. ఇంటి ఖర్చుకు ఆమే ఇస్తానంటే అది వేరే సంగతి.

మీ తమ్ముడి మాట కొంచెం వినండి. సుకన్య ఖాతా పాపకు పదేళ్ళు నిండేలోపే తెరవాలి, మీకు రెండేళ్ళే టైం ఉంది. పోస్టాఫీసులో 250 రూపాయలతో తెరవండి. ఏడాదికి 250 కట్టినా ఖాతా బతికే ఉంటుంది. 2024 జనవరిలో దాని వడ్డీని 8.2 శాతం చేశారు. మంచి వడ్డీయే, కానీ 36 శాతం బాకీ నెత్తిన పెట్టుకుని 8.2 శాతానికి పొదుపు చేస్తే నష్టం మీకే. గొలుసు విడిపించాక నెలకు వెయ్యి చొప్పున కట్టుకోవచ్చు. బర్రె మాట కూడా అప్పుడే.

చివరగా, ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటి. మీ ఆయనకు 18 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసు ఉంటే రైతుబీమా కింద ఐదు లక్షల బీమా ఉండాలి. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. ఆయన పేరు అందులో ఎక్కిందో లేదో, నామినీగా ఎవరి పేరు రాశారో మీ ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడగండి. పెళ్ళికి ముందు ఇచ్చిన కాగితాల్లోని పేరే చాలా ఇళ్ళలో అన్నిటికీ నడుస్తూ ఉంటుంది. మీ పేరు లేకపోతే మార్పించండి. బ్యాంకు ఖాతాలోనూ నామినీ ఎవరో అప్పుడే చూసుకోండి.