‘ఫర్లో’ను తెలుగులో ఏమనాలి?

సందేహం: అమెరికాలో 2025 షట్‌డౌన్ (ఖర్చులకు చట్టసభ ఆమోదం దొరక్క ప్రభుత్వ పనులు ఆగిపోవడం) వార్తలను ఒకచోట ‘7.5 లక్షల మంది ఉద్యోగులను ఇంటికి పంపారు’ అని, ఒకచోట ‘బలవంతపు సెలవు’ అని, ఇంకోచోట ‘ఫర్లో’ అని రాశారు. ఏది సరైనది? అలా ఎంతమందిని కూర్చోబెట్టారో ప్రభుత్వం బయటపెట్టడాన్ని ‘పారదర్శకత’ అనొచ్చా?

సమాధానం: ‘ఇంటికి పంపారు’ అని మాత్రం రాయకండి. తెలుగులో ఉద్యోగిని ఇంటికి పంపారంటే ఉద్యోగం ఊడిందనే అర్థం. 43 రోజులు సాగిన ఆ షట్‌డౌన్‌లో రోజుకు దాదాపు 7.5 లక్షల మంది విధులకు దూరంగా ఉండాల్సి రావచ్చని అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్‌కు చెందిన బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది, అంతేగానీ వాళ్ల ఉద్యోగాలు పోలేదు. ఆ షట్‌డౌన్ సాగుతుండగానే అక్టోబర్‌లో సుమారు 4,000 మందికి నిజంగానే తొలగింపు నోటీసులు వెళ్లాయి. ఈ రెండు గుంపులనూ ఒకే మాటలో కలిపేస్తే ఎలా? పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు ఆ హెడ్డింగు చూసి ఎంత టెన్షన్ పడతారో రాసేవాళ్లు కాస్త ఆలోచించాలి.

ఇక ‘సెలవు’. ఎంత మంచి మాటను ‘బడి లేని రోజు’ దాకా కుదించేశామో! దాని అర్థం అనుమతి. ‘ఇక సెలవు తీసుకుంటాను’ అంటూ లేచే చుట్టం అడిగేది వెళ్లడానికి అనుమతే. పెద్దలు ‘సెలవిస్తే’ అది ఆజ్ఞ. ఇంగ్లీషువాళ్ల ఫర్లో కూడా డచ్చి భాషలోని ‘వెర్లోఫ్’ నుంచి వచ్చింది, దానికీ అనుమతి అనే అర్థం. సైనికుడు ఊరెళ్లి రావడానికి ఇచ్చేది. అంటే తెలుగు మాట దానికి అచ్చంగా సరిపోతుంది. ఇంకో ముచ్చట ఉంది. సెలవుకు పాత తెలుగులో ఖర్చు అనే అర్థం కూడా ఉండేది, తమిళంలో ఇప్పటికీ ‘సెలవు’ అంటే ఖర్చే. వెళ్లడం, సాగడం అనే అర్థమున్న ద్రావిడ ధాతువు నుంచి పుట్టింది కాబట్టి చేతిలోంచి వెళ్లిన డబ్బూ సెలవే, మనిషి వెళ్లడానికి ఇచ్చేదీ సెలవే. చెల్లడం, చెల్లింపు, చెల్లుబాటు, ‘కాలం చెల్లింది’ అన్నీ ఆ కుదురులోవే. సెలవూ చెల్లింపూ తోబుట్టువులు, షట్‌డౌన్ వచ్చినప్పుడు ఈ రెండూ విడిపోతాయి.

షట్‌డౌన్ మొదలైన రోజు ఉద్యోగి ఆఫీసుకొచ్చి, కొద్ది గంటల్లో కాగితాలు సర్దేసి, ‘ప్రస్తుతం అందుబాటులో లేను’ అనే జవాబు ఈమెయిల్లో పెట్టి, నోటీసు పట్టుకొని వెళ్లిపోతాడు. ఊరికే కూర్చోలేక ఉచితంగా పనిచేస్తానన్నా అక్కడి చట్టం ఒప్పుకోదు. అతను అడగని సెలవు ఇది, అందుకే ‘బలవంతపు’ చేర్చినవారిని తప్పు పట్టను. ‘జీతం లేని సెలవు’ మాత్రం వద్దు. మన ఆఫీసుల్లో అది ఉద్యోగే పెట్టుకునేది, పోయిన జీతం తిరిగి రాదు. అక్కడ షట్‌డౌన్ ముగిశాక ప్రభుత్వ ఉద్యోగులకు బకాయి జీతం ఇవ్వాలని 2019లో చట్టం వచ్చింది (కాంట్రాక్టు పనివాళ్లకు ఆ హామీ లేదు, పాపం). కాబట్టి నా ఓటు ‘జీతం ఆపిన సెలవు’కు. ఇంతకంటే పొట్టి మాట ఎవరైనా చెబితే సంతోషంగా తీసుకుంటాను.

ఫర్లో అని ఉన్నదున్నట్టు రాస్తే మన పాఠకుడికి జైలు నుంచి సెలవు మీద వచ్చిన ఖైదీ గుర్తొస్తాడు. ఫర్లాంగుతో దానికి చుట్టరికం లేదు.

పారదర్శకత అంటారా, ‘పారం’ అవతలి ఒడ్డు. ఇవతల నిలబడినవాడికి అది కనిపించాలి. షట్‌డౌన్ వస్తే మొత్తం ఎందరిలో ఎందరిని ఆపుతారో, ఎందరితో పని చేయిస్తారో అక్కడి శాఖలు ప్రణాళికల్లో రాస్తాయి. 2018–19 షట్‌డౌన్‌లో 35 రోజులు జీతం ఆగిన సుమారు 8 లక్షల మందిలో సగానికి పైగా రోజూ డ్యూటీకి వెళ్లినవాళ్లే, విమానాశ్రయంలో మన బ్యాగు తనిఖీ చేసినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాళ్లు సెలవులో ఉన్నారని రాస్తే అది అబద్ధం. సెలవులో ఎందరు, జీతం రాకపోయినా పనిలో ఎందరు, తొలగింపు నోటీసు అందినవాళ్లెందరు అని విడివిడిగా చెబితే పారదర్శకత అనండి, నాకైతే ‘లెక్క చెప్పడం’ అన్నా చాలు. అందరినీ కలిపి ఒక్క అంకె వేస్తే మాత్రం ఆ మాట వాడొద్దు.