గ్రాఫుల అధ్యాయం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

పీజీ విద్యార్థుల కోసం నువ్వు రాస్తున్న ఆర్ (గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష) పాఠాల్లో గ్రాఫుల అధ్యాయం రెండుసార్లు చదివాను. ఆర్‌లో గ్రాఫులు గీసే పద్ధతులైన బేస్ గ్రాఫిక్స్, లాటిస్, జీజీప్లాట్2, మూడింటికీ సమానంగా పేజీలు పంచావు. ఎవరికీ అన్యాయం జరగకూడదని కాబోలు. జరిగింది విద్యార్థికి. ఒకే చుక్కల పటాన్ని మూడు యాసల్లో గీస్తాడు గానీ, ఒక్కదాంట్లోనూ తన తప్పు తాను దిద్దుకోలేడు. ఒకటి ఎంచుకో.

నన్నడిగితే జీజీప్లాట్2. అందం చూసి కాదు. దాని బూడిదరంగు నేపథ్యం నాకు ఇప్పటికీ నచ్చదు. గ్రాఫుకూ ఒక వ్యాకరణం ఉంటుందని గణాంకవేత్త లీలాండ్ విల్కిన్సన్ 1999లో చూపారు. హాడ్లీ వికమ్ దాన్ని జీజీప్లాట్2గా ఆర్‌లోకి తెచ్చారు. ఏ కాలమ్ అడ్డంగా, ఏది నిలువుగా, ఏది రంగుగా అన్నది ముందు తేల్చాలి. చుక్కలా గీతలా అన్నది తర్వాత. గీసే ముందే డేటా గురించి ఆలోచించక తప్పదు.

బేస్‌లో గీయడం కాగితం మీద సిరాతో గీసినట్టే. పైన ఇంకోటి గీయొచ్చు, గీసింది చెరపలేం. ఏ రంగు దేనికో చెప్పే లెజెండు కూడా మనమే రాయాలి. తొలినాళ్లలో నేను రాసిన ఓ పాఠంలో మందు వాడినవాళ్లు ఎరుపు, వాడనివాళ్లు నీలం. లెజెండులో అది తారుమారైంది. ప్రోగ్రామ్ ఏ ఎర్రరూ ఇవ్వలేదు, గ్రాఫు చక్కగా వచ్చింది, రెండేళ్లు అదే చెప్పాను. మూడో ఏడు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "మందు వల్ల జబ్బు పెరుగుతోందా సార్?" అంది. జీజీప్లాట్2లో రంగును కాలమ్‌కు కట్టేస్తే లెజెండు దానంతటదే వస్తుంది.

బేస్‌ను పూర్తిగా వదిలెయ్యమనడం లేదు. రిగ్రెషన్ మోడల్‌ను (చుక్కలకు గీతను సరిపెట్టే లెక్కను) బేస్‌లోని ప్లాట్ ఫంక్షన్‌కు ఇస్తే, మోడల్‌లో లోపాలు పట్టిచ్చే నాలుగు పటాలు ఒక్క లైనులో వస్తాయి. దానికో పేజీ చాలు.

జీజీప్లాట్2తో తిప్పలు లేవనుకోకు. పెద్దది వైలిమ్, అంటే నిలువు అక్షానికి హద్దులు పెట్టే కమాండ్. దాంతో హద్దు పెడితే బయటి చుక్కలను దాచడం కాదు, తీసేస్తుంది. రిగ్రెషన్ గీతను మిగిలిన చుక్కలతోనే లెక్కకడుతుంది, వాలు మారిపోతుంది. వార్నింగ్ వస్తుంది గానీ దాన్ని చదివేదెవరు? దగ్గరగా చూపడమే కావాలంటే హద్దులు కోఆర్డ్_కార్టీజియన్ అనే కమాండ్‌లో పెట్టాలి. నీ మూడో ఉదాహరణలో జరిగింది ఇదే, గీత వాలు మళ్లీ చూసుకో.

ఇంకోటి, జీజీప్లాట్2కు డేటా పొడుగు పట్టికగా, అంటే ఒక్కో కొలతకు ఒక్కో వరుసగా, ఉంటేనే సుఖం. వెడల్పు పట్టికను పొడుగ్గా మార్చే పాఠాన్ని నువ్వు గ్రాఫుల తర్వాత పెట్టావు. ముందుకు జరుపు.

మొదటి ఉదాహరణగా కార్ల డేటా తీసేసి, గణాంకవేత్త ఫ్రాన్సిస్ ఆన్స్‌కూంబ్ 1973లో ఇచ్చిన నాలుగు డేటాసెట్లు పెట్టు. ఒక్కోదాంట్లో 11 చుక్కలు. నాలుగింటికీ ఎక్స్ సగటు 9, వై సగటు దాదాపు 7.5, సహసంబంధం 0.82 దరిదాపుల్లో. గీసి చూస్తే ఒకటి మామూలు చెదురు, ఒకటి వంపు, మిగతా రెంటిలో ఒక్క చుక్కే గీతను లాక్కెళుతుంది. ఆర్‌లో ఆ డేటా సిద్ధంగానే ఉంది, అదీ ఎనిమిది కాలమ్‌ల వెడల్పు పట్టికగా. పొడుగ్గా మారిస్తే నాలుగు పటాలూ జీజీప్లాట్2లో ఒకేసారి పక్కపక్కన సులువుగా వస్తాయి కనుక రెండు పాఠాలూ ఒకదానికొకటి అతుక్కుంటాయి.

లాటిస్ పేజీలు తీసేశాక మళ్లీ పంపు.

ఆశీస్సులతో.